ఒరగని కారు

మా అమ్మకు కారెక్కితే కడుపులో తిప్పుతుంది. ఇదేమన్నా వింతా, సగం లోకానికి తిప్పుతుంది అంటారేమో. అలా అనేవాళ్ళు ఒక్కసారి మా అమ్మ గంగారత్నాన్ని కిరందుల్‌లో ఎక్కించుకుని దంతెవాడ దాకా తీసుకెళ్ళి చూడండి. మూడో మలుపులో మాట ఆగిపోతుంది. ఐదో మలుపులో పెదవులు తెల్లబడతాయి. ఆ తర్వాతి సంగతి అన్నం తినేవాళ్ళ ముందు చెప్పేది కాదు. అదే రైలయితే విజయనగరం దాకా పక్కవాళ్ళతో ముచ్చట్లు చెబుతూ, వాళ్ళ డబ్బాలోని పులిహోర కూడా తింటూ వెళ్తుంది.

నేను ఇనుప గనుల వర్క్‌షాపులో పనిచేస్తాను. వంద టన్నుల డంపర్లకు సస్పెన్షన్ చూసేది నేనే. కొండలాంటి బండిని ఊగకుండా నిలబెట్టగలను గానీ కన్నతల్లిని చిన్న కారులో పక్క ఊరికి తీసుకెళ్ళలేనని నాకు ఉక్రోషంగా ఉండేది. మా నాన్న చిన్నారావు ఇరవై తొమ్మిదేళ్ళు డంపర్ నడిపి రిటైరైన మనిషి. ఆయనది ఒకటే మాట. "కారుకి జబ్బేటీ లేదే కల్యాణీ, జబ్బు మీ అమ్మకే." ఆయన అలా అన్నప్పుడల్లా అమ్మ నవ్వేసేది. ఆ నవ్వు రెండేళ్ళ కిందట ఆగిపోయింది.

దానికి కారణం ఫూలమ్మ. ఆమె అసలు పేరు భీమే. గొల్లపల్లికి అవతలి ఊరు, దోర్ల తెగ మనిషి. ఆమె భర్త మంగల్ ఇక్కడ కాంట్రాక్టు పనికి వచ్చి, మా క్వార్టర్ల వెనక రేకుల ఇంట్లో ఇరవై ఏళ్ళు ఉన్నాడు. కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మకు హిందీ రాదు, ఇక్కడివాళ్ళ హల్బీ భాషా రాదు. బోరింగు దగ్గర ఎవరో "ఏందే, నీళ్ళు పట్టుకోవా?" అన్నారట. తెలుగులాంటి ఆ మాట చెవిన పడగానే అమ్మకు ఏడుపొచ్చింది. ఆ మాటన్నది ఈమే, ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకటే.

ఈ అడవి ప్రాంతంలో స్నేహాన్ని కూడా పెళ్ళిలాగే నలుగురి ముందు చేసుకుంటారు. ఇద్దరూ ఒకరికొకరు పువ్వు ఇచ్చుకుని చెవిలో పెట్టుకుంటారు. అక్కణ్ణుంచి "ఫూల్", అంటే పువ్వు, అనే పిలుచుకుంటారు. వాళ్ళింట్లో పెళ్ళయితే వీళ్ళింట్లో పెళ్ళయినట్టే, అక్కడ చావయితే ఇక్కడా చావే. ఆమె అమ్మకు ఫూల్, నాకు ఫూలమ్మ. జ్వరం వస్తే నన్ను రాత్రంతా ఒళ్ళో వేసుకున్నది కూడా ఆమే.

పని అయిపోయాక వాళ్ళు ఊరికి వెళ్ళిపోయారు. కూతురి పెళ్ళికి పిలిచారు. అమ్మ బయలుదేరి, దంతెవాడలో స్పృహ తప్పినంత పనయ్యి వెనక్కి వచ్చేసింది. నాలుగేళ్ళ తర్వాత మంగల్ పోయాడు. ఈసారి ఎలాగైనా వెళ్తానని పళ్ళు బిగించి కూర్చుంది. మళ్ళీ దంతెవాడే. అక్కడ ఆసుపత్రిలో సెలైను పెట్టించి ఇంటికి తీసుకొచ్చాను. విషయం ఫోనులో చెబితే ఫూలమ్మ పెట్టేసింది. ఆ తర్వాత ఫోను చెయ్యలేదు, మేం చేస్తే తీయలేదు.

మొన్న మాఘంలో ఆమె కొడుకు సన్న ఫోన్ చేశాడు. ఇప్పపూల కాలంలో వాళ్ళ నాన్న పేరున రాయి నిలబెడుతున్నారట. రాయి మీద ఫూల్ చేతి గుడ్డ పడాలట.

"అక్కా, అమ్మ చాన కోపంగుంది. ‘కార్లున్నోళ్ళకు కడుపుల తిప్పుడేంది, మనింటికి వచ్చుడు నామోషి అన్నమాట’ అంటది. ఈసారి గూడ రాకపోతే పువ్వు మర్లిచ్చేస్తదంట."

పువ్వు తిరిగి ఇవ్వడమంటే తెగతెంపులు. నేను ఫోను పెట్టేసి చూసేసరికి అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. అంతా వింది. లోపలికెళ్ళి ట్రంకుపెట్టె తీసి, మంగల్ రాయి కోసం రెండేళ్ళ కిందటే కొని దాచిన తెల్ల పంచె ఒకటి బయట పెట్టింది. "నడిచైనా ఎల్తాను," అంది. నూట డెబ్బై కిలోమీటర్ల పైన ఉంటుంది ఆ ఊరు.

అప్పుడు నాకు బుద్ధొచ్చింది. ఇన్నాళ్ళూ నేను అమ్మకు మాత్రలు మారుస్తూ వచ్చాను, నిమ్మకాయ మార్చాను, సీటు మార్చాను. ఒక్కసారి కూడా కారు అడుగుకు దూరి చూడలేదు.

మాది పదేళ్ళ కిందటి చిన్న కారు. తెల్లగానే కొన్నాం, ఎర్ర ధూళికి ఇప్పుడు ఏ రంగో చెప్పలేం. అలాంటి కార్లను గతుకుల్లో మెత్తగా వెళ్ళేలా చేస్తారు. మెత్తదనం ఎక్కువైతే మలుపులో ఒక పక్కకు ఒరిగిపోతుంది, మళ్ళీ లేచి రెండో పక్కకు ఒరుగుతుంది. ఒరగకుండా పట్టుకోవడానికి అడుగున ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ కలిపి అడ్డంగా ఒక వంపు రాడ్డు ఉంటుంది, దాన్ని స్వే బార్ అంటారు. ఒక పక్క దిగబడబోతే రెండో పక్కను కూడా కిందికి లాగి కారును సమంగా ఉంచడం దాని పని. మా కారుకు ముందున్నది నా చూపుడువేలంత లావు కూడా లేదు. వెనకైతే అసలు లేనే లేదు.

కోయంబత్తూరులో రేసు కార్లకు సామాను చేసేవాళ్ళ దగ్గర్నుంచి ముందుకొకటి, వెనక్కొకటి లావు బార్లు తెప్పించాను. రెండు ఆదివారాలు పట్టింది. నాన్న కుర్చీ వేసుకుని కూర్చుని, ప్రతి నట్టుకూ ఒక సలహా ఇచ్చాడు. బార్ చివర్లను చక్రాలవైపు కలిపే చిన్న లింకులుంటాయి. ముందు లింకు, వెనక లింకు బిగించి బయటికొచ్చి, కారు మూల మీద చెయ్యి వేసి బలంగా నొక్కాను. ఇదివరకు మంచంలా దిగిపోయేది. ఇప్పుడు నా చేతినే వెనక్కి తోసింది.

"గట్టిగానే ఉంది గానీ మీ అమ్మ అంతకంటే గట్టిది," అన్నాడు నాన్న.

పరీక్షకు అమ్మను మా ఊరి పైనున్న కొండ ఘాట్ రోడ్డుకు తీసుకెళ్ళాను. గనులు ఉన్నది ఆ కొండ మీదే. పొద్దున్నే మంచు ఇంకా విడలేదు. అమ్మ ఒళ్ళో ప్లాస్టిక్ బకెట్, ముక్కు దగ్గర నిమ్మకాయ. కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చుంది. మొదటి మలుపు తిప్పాను. కారు తిరిగింది, అంతే, ఒరగలేదు. రెండో మలుపులోనూ స్టీరింగ్ ఎంత చెబితే కారు అంతే వింది. మంచులో చెట్లు ఒక్కొక్కటే దగ్గరికొచ్చి పక్కకు తప్పుకుంటున్నాయి. మేం కదలకుండా ఉన్నట్టూ, కొండే నెమ్మదిగా మా చుట్టూ తిరుగుతున్నట్టూ అనిపించింది.

ఎనిమిదో మలుపు దగ్గర అమ్మ ఒక కన్ను తెరిచింది. కాసేపటికి రెండోదీ తెరిచింది. కింద మంచు విడిపోయి, కిరందుల్ మొత్తం కనిపిస్తోంది. రైలు పెట్టెల వరస, రేకుల కప్పులు, ఎర్రటి వాగు.

"ఇదేటే, ఇంత బాగుందా ఈ దారి?" అంది.

నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉంది. ఈ కొండ మీదికి ఏడాదికోసారి వనభోజనాలకు వచ్చేది. ఎప్పుడూ కళ్ళు మూసుకునే వచ్చేది. పాపం, బస్సులో మేమందరం చూసిన దారిని తను ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదని నాకు ఆ రోజే తెలిసింది. బకెట్ ఖాళీగా ఇంటికి తెచ్చాం.

మార్చి మూడోవారంలో అమ్మా నేనూ బయలుదేరాం. రాయి నిలబెట్టేది మర్నాడు. దంతెవాడ వస్తుంటే అమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది, ఊరు దాటాక తీసేసింది. సుక్మాకు వెళ్ళే దారిలో అడవి అంతా ఇప్పపూల వాసనే. ఆకులు కాల్చిన పొగ నేల మీదే పొరలా పరుచుకుని ఉంది. చెట్ల కింద ఆడవాళ్ళు బుట్టలు పెట్టుకుని ఏరుతున్నారు. చెట్టు మీంచి పూలు ఒక్కొక్కటే రాలుతూ ఉన్నాయి. ఆ వాసనకు నాకే కళ్ళు బరువెక్కాయి. మలుపు తర్వాత మలుపు వస్తోంది, కారు ఏ పక్కకూ వాలకుండా నీళ్ళ మీద పడవలా పోతోంది. అమ్మ ఏదో పాట గొణిగింది. తర్వాత ఆకలేస్తోందని ఇడ్లీలు తింది. కారులో అమ్మ తినడం చూడటం నా జన్మలో అదే మొదటిసారి. నన్ను నేను మెచ్చుకుంటూ, నా బార్లను మెచ్చుకుంటూ నడిపాను. గర్వంగా ఉండదా మరి!

దోర్నాపాల్ దాటాక పోలీసు క్యాంపు దగ్గర ఆపి మా పేర్లు రాసుకున్నారు. గొల్లపల్లి తర్వాత కొత్త తారు, ఆఖరి అర కిలోమీటరు మాత్రం రాళ్ళ బాట. బార్లు గట్టివి కావడంతో ఒక చక్రం రాయెక్కితే కారంతా అదిరింది. అయినా అమ్మకు ఏమీ కాలేదు. ఆమె కడుపును తిప్పేది ఊపే, కుదుపు కాదు. ఊరి ముందు కారాపించి అమ్మ తల దువ్వుకుంది. జడలో కనకాంబరాలు సర్దుకుంది. మొహం కడుక్కుని పౌడరు రాసుకుంది. రెండుసార్లు రాలేకపోయిన మనిషి కదా, బాగా కనబడాలనుకుంది. నేనూ బాగున్నావనే అన్నాను. ఇద్దరికీ తెలివి లేదు.

ఫూలమ్మ వాకిట్లో ఇప్పపూలు ఆరబోస్తోంది. జుట్టంతా నెరిసిపోయింది. మమ్మల్ని చూసి లేచింది. అమ్మ రెండు చేతులూ చాచి "ఫూల్" అంది. ఫూలమ్మ దగ్గరికి రాలేదు. అమ్మను కాళ్ళ నుంచి జడ దాకా ఒకసారి చూసింది.

"పెండ్లికొచ్చినదాని లెక్క దిగినవ్ గదనే."

"ఫూల్..."

"కక్కలేదా?"

"లేదే. కల్యాణి కారుకి రాడ్లేసింది. దాంతో..."

"రాడ్లు." ఫూలమ్మ కారు వైపు చూసింది. "కిరందుల్ నుంచి ఈడిదాక తానం జేసొచ్చినదాని లెక్క వచ్చినవ్. మరి నా మొగుడు పోయిననాడు ఏమైందే? దంతెవాడకే పాణం పోయిందంటివి?"

నేను ఊరుకుంటేనా? మధ్యలో దూరి, కారు ఒరగడం గురించి, చక్రాల గురించి చేతులు తిప్పుతూ చెప్పడం మొదలుపెట్టాను. ఫూలమ్మ అంతా విన్నది.

"ఇనుప ముక్కేస్తే కడుపుల తిప్పుడు తగ్గుతదా బిడ్డా? నన్ను పిచ్చిదాన్ని జెయ్యకుండ్రి. వచ్చినరు, కూసోండ్రి, తినిపోండ్రి. రేపు గుడ్డ మా ఆడిబిడ్డ కప్పుతది."

మళ్ళీ వంగి పూలు తిరగేయడంలో పడింది. సన్న తలవంచుకుని మంచం వాల్చి, నీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

ఆ మధ్యాహ్నం చాలా పొడుగ్గా ఉంది. పూల తీపివాసన వాకిలంతా నిండి ఉంది. కోళ్ళు కూడా నిద్రలో నడుస్తున్నట్టే తిరుగుతున్నాయి. అమ్మ మంచం అంచున, పంచె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఫూలమ్మ నాలుగు బారల దూరంలో పూలల్లో పుల్లలు ఏరుతోంది. బోరింగు దగ్గర అన్నేళ్ళు గంటలకొద్దీ మాట్లాడుకున్న ఇద్దరు ఒక్క మాటయినా అనుకోలేదు. అంత కష్టపడి కారును బాగుచేస్తే, బాగుపడిన కారే అమ్మను అబద్ధాలకోరును చేసింది.

ఎండ చల్లారాక అమ్మ లేచి కారు దగ్గరికొచ్చింది.

"ఆ రాడ్లు ఊడదీసెయ్."

"ఏంటీ?"

"ఊడదీసెయ్యంటన్నాను. పాత కారునాగ చేసెయ్."

నాకు ఒళ్ళు మండింది. "అమ్మా, నీకు మతి ఉందా? రెండు ఆదివారాలు నేల మీద పడుకుని బిగించాను. మళ్ళీ తిరిగి ఎలా వెళ్తావు?"

"తిరిగెల్లడం తర్వాత. నా మాట అది నమ్మదే. నా మొహం చూస్తే నమ్ముద్ది." అమ్మ వాకిలి వైపు చూసింది. "ఆ రెండుసార్లూ నేనెలాగున్నానో అది చూడలేదు కదా. చూడనీ."

ఇంకేం అంటాను? చదునైన చోటు చూసి కారు నిలిపాను. అలా నిలిపితే బార్ మీద బిగువు ఉండదు, లింకు తేలిగ్గా వస్తుంది. బార్లు పూర్తిగా తీయక్కర్లేదు. ముందొక లింకు, వెనకొక లింకు విప్పి తీగతో పైకి కట్టేస్తే చాలు, బార్ ఉన్నా లేనట్టే. విప్పిన రెండు నట్లనూ అరుగు మీద పెట్టాను. ఫూలమ్మ దూరం నుంచి చూస్తూనే ఉంది.

అమ్మ ఆమె ముందుకెళ్ళి నిలబడింది. "కారెక్కు ఫూల్. తారు రోడ్డు మీద వాగు దాకా. తర్వాత నీ పువ్వు నువ్వు తీసేసుకో, నేనేటీ అనను."

ఫూలమ్మ చేతులు దులుపుకుని వచ్చి వెనక సీట్లో కూర్చుంది. అమ్మ ఆమె పక్కన ఎక్కింది.

రాళ్ళ బాట దాటి తారు ఎక్కాం. ఆ రోడ్డు వాగు వైపు పాములా మెలికలు తిరుగుతూ దిగుతుంది. నేను కావాలనే కాస్త వేగంగా తిప్పాను. కారు ఎడమకు వాలింది, లేచింది, కుడికి వాలింది. పొద్దు వాలుతోంది. చెట్ల సందుల్లోంచి ఎర్రటి వెలుగు ఒక కిటికీలోంచి వచ్చి రెండో కిటికీలోంచి వెళ్ళిపోతోంది. బయట పొగ, పూల వాసన, లోపల మెత్తని ఊపు. నాకు చిన్నప్పుడు జ్వరంలో ఫూలమ్మ ఒళ్ళో ఊగినట్టే ఉంది.

వెనక నుంచి కిలకిలా నవ్వు వినబడింది. ఫూలమ్మ! పుట్టి బుద్ధెరిగాక కారెక్కడం ఆమెకు ఇదే మొదలట. మలుపు వచ్చినప్పుడల్లా అమ్మ మీదికి వాలి, మళ్ళీ తలుపు మీదికి వాలి, చిన్నపిల్లలా నవ్వుతోంది. "ఏందే ఇది, ఉయ్యాల ఉన్నట్టుందే! దీనికి భయపడ్డవా నువ్వు?" అంటోంది.

అద్దంలో అమ్మను చూశాను. పెదవులు తెల్లబడ్డాయి. పౌడరు మీద చెమట కారుతోంది. చేత్తో నా సీటు వెనక పట్టుకుని, కళ్ళు మాత్రం మూయలేదు. ఫూలమ్మనే చూస్తోంది.

ఫూలమ్మ నవ్వు ఆగిపోయింది. "ఏందే? ఫూల్, ఏందే? చేతులు గింత సల్లగున్నయేంది?"

నేను ఇంకొక్క మలుపు తిప్పాను. తిప్పకుండా ఆపి ఉండాల్సింది. ఆ ఒక్క మలుపూ ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

"ఆపు బిడ్డా! ఆపు!"

అమ్మ తలుపు తీసుకుని రోడ్డు పక్కన మోకాళ్ళ మీద పడింది. ఇడ్లీలూ, నీళ్ళూ, చివరికి పసరు కూడా బయటికొచ్చింది. అయినా ఆగలేదు. జడ ఊడిపోయి, కనకాంబరాలు మట్టిలో పడ్డాయి. ఫూలమ్మ ఒక చేత్తో అమ్మ నుదురు గట్టిగా పట్టుకుంది, రెండో చేత్తో వీపు రాస్తోంది. సీసాతో నీళ్ళు తేబోతే నన్ను దగ్గరికి రానివ్వలేదు. సీసా లాక్కుని తనే నోరు కడిగింది, మొహం కడిగింది, తన కొంగుతోనే తుడిచింది.

"గింతగనం అయితదా?" అంది మెల్లగా.

అమ్మ తలూపింది.

"గీ పాణంతోటే బయలెల్లినవా, రెండుమార్లు?"

"రెండుసార్లూ. దంతెవాడ దాకా."

ఫూలమ్మ అమ్మ తలను తన గుండెలకు అదుముకుని ఏడ్చింది. "నా నోరు పడిపోను. దొంగమాటలనుకున్ననే. రెండేండ్లు నిన్ను తిట్టుకున్ననే." అమ్మ కూడా ఏడ్చింది. నాకూ ఆగలేదు. స్టీరింగ్ మీద తల పెట్టుకుని నేనూ ఏడ్చాను.

మళ్ళీ కారెక్కమంటే అమ్మ వల్ల కాలేదు. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని రోడ్డు వెంట నడిచారు. నేను వాళ్ళ వెనక కారును నడక వేగంతో పోనిచ్చాను. రెండేళ్ళ మాటలన్నీ అప్పుడే చెప్పుకుంటున్నట్టున్నారు, ఒకరి మాట ఒకరికి వినబడనంతగా మాట్లాడుకుంటున్నారు. వాకిట్లోకి రాగానే ఫూలమ్మ ఆడబిడ్డను పిలిచి, రేపు రాయి మీద ముందు గుడ్డ ఫూల్‌దే పడుతుందని గట్టిగా చెప్పింది. అమ్మను మంచం మీద పడుకోబెట్టి జావ కాచింది.

పూర్తిగా చీకటి పడేలోపు లింకులు బిగించేద్దామని నేను కారు కింద దూరాను. తీగ విప్పి, లింకు బార్ చివరకు తగిలించి, నట్ల కోసం అరుగు మీద తడిమాను. లేవు. సన్నను అడిగాను, చూడలేదన్నాడు. బుట్టలు జరిపాను, పూలు కెలికాను.

"దేనికి దేవులాడుతున్నవ్ బిడ్డా?"

తలెత్తి చూశాను. ఫూలమ్మ నా నెత్తి మీదే నిలబడి ఉంది. కొంగు చివర రెండు ముళ్ళు, ఒక్కో ముడిలో ఒక్కో నట్టు.

"ఇవి నా తానుంటయ్. ఇవి లేకుంట మీ అమ్మ పోలేదు గద? నా ఫూల్‌ను ఎప్పుడు పంపాల్నో నేను జెప్త."

అలాంటి నట్లు సుక్మాలో ఏ షాపులోనైనా దొరుకుతాయని చెప్పబోయాను. అమ్మ మంచం మీద ఒక మోచేతి మీద లేచి నా వైపు చూసింది. సన్నను తీసుకుని సిగ్నల్ దొరికే గుట్ట ఎక్కి, వర్క్‌షాపుకు ఫోన్ చేసి వారం రోజులు సెలవు కావాలన్నాను. కారణం అడిగారు. కారు చెడిపోయింది, నాకు చేతకావడం లేదు అని చెప్పాను.